పిట్టకథల జాక్ రికార్డుకు షష్టిపూర్తి

మనిషికి షష్టిపూర్తి చేస్తే పక్కన ఇల్లాలు కూర్చుంటుంది. రికార్డుకు చేస్తే ఎవరు కూర్చోవాలి? పాడినాయనే. అదృష్టం కొద్దీ ఆయన నిక్షేపంలా ఉన్నాడు. 1962లో ఫిలడెల్ఫియాలోని సెకండ్ ఫ్రెట్ అనే కాఫీ హౌస్‌లో జనం ముందు పాడి రికార్డిచ్చిన అమెరికా జానపద గాయకుడు రాంబ్లిన్ జాక్ ఎలియట్‌కు 2022 ఆగస్టు 1న 91 నిండాయి. జోడు పండగ.

ఆయన కౌబాయ్ టోపీ చూసి ఏ టెక్సాస్ వాడో అనుకునేరు. పుట్టింది న్యూయార్క్ బ్రూక్లిన్‌లో, డాక్టరుగారింట్లో. అసలు పేరు ఎలియట్ చార్లెస్ అడ్నోపాజ్. పదిహేనో ఏట ఇల్లు వదిలి పారిపోయి రోడియోలో చేరాడు. రోజుకు రెండు డాలర్ల కూలికి గుర్రాలకు మాలీషు. మూడు నెలలకు ఇంటికి చేరాడు గానీ, అప్పటికే అక్కడ జనాన్ని నవ్వించే జోకరు చేతిలో గిటార్ మోగడం విన్నాడు. ఇక చదువు మీద మనసు నిలుస్తుందా?

1951లో జానపద గాయకుడు ఉడీ గత్రీ దొరికాడు. ఆయనింట్లోనే మకాం పెట్టి పాట, మీట, నడక, దగ్గు కూడా పట్టేశాడని హాస్యమాడేవారు. తర్వాత గత్రీని హంటింగ్టన్ జబ్బు మంచాన పడేసింది. కన్నకొడుకు ఆర్లోకు తండ్రి బాణీ నేర్పింది జాకే. గురువు రుణం ఇంతకన్నా ఎలా తీరుతుంది! కుర్ర బాబ్ డిలన్ కూడా ఈ చెట్టు నీడనే నిలబడ్డాడు.

‘రాంబ్లిన్’ అన్నది ఊళ్లు తిరిగినందుకు వచ్చిన బిరుదు కాదు, మాట తిరిగినందుకు. గాయని ఒడెట్టా వాళ్లమ్మ ఈయన ఎడతెగని కబుర్లు విని ఆ పేరు పెట్టిందని చెబుతారు. తీగ బిగిస్తూ మొదలెట్టిన ముక్క లారీల మీదికి పోతుంది, తెరచాప పడవలెక్కుతుంది, ఏదో గుర్రం దగ్గర ఆగుతుంది. పాట కోసమే వచ్చినవాడికి కాస్త విసుగే, కాదనను. నాకు మాత్రం స్టూడియో రికార్డుల్లో సగం మనిషే వినిపిస్తాడు. ఎదురుగా నాలుగు చెవులుంటేనే ఆయన పూర్తిగా ఆయన.

రెండు గ్రామీలు, 1998లో అమెరికా జాతీయ కళాపతకం వచ్చాయి. బాగుంది.

జాక్ గారూ, జన్మదిన శుభాకాంక్షలు. శ్రుతి చేసుకోండి, మాకేం తొందర లేదు. ఇంతకీ ఆ లారీ ఎక్కడ ఆగిపోయిందన్నారు?