సేవామూర్తి శ్రీమతి దుర్గాబాయి దేశ్‌ముఖ్

అవయవలోపముగల శిశువును లోకము జాలితో చూచును. చూచిపోవువారు గుమ్మము దాటిన పిమ్మట భారమంతయు తల్లిమీదనే నిలుచును. ఆ భారము సంఘమంతయు పంచుకొనదగినదని ఆచరణమున చూపిన తెలుగు మహిళ శ్రీమతి దుర్గాబాయి దేశ్‌ముఖ్.

ఈమె 1909 జులై 15వ తేదీన రాజమహేంద్రవరమున జన్మించిరి. ఎనిమిదవ యేటనే వివాహము జరిగెను. యుక్తవయస్సున ఆ బంధమును విడిచి దేశసేవకు అంకితమైరి. ఉప్పు సత్యాగ్రహమున పాల్గొని 1930-33 నడుమ పలుమారులు చెరసాల కేగిరి. పిదప ప్రైవేటుగా చదివి కాశీ విశ్వవిద్యాలయపు మెట్రిక్యులేషను, తరువాత ఆంధ్ర విశ్వవిద్యాలయ పట్టము, మద్రాసున న్యాయశాస్త్ర పట్టము సాధించిరి.

1937లో మద్రాసున ఆమె స్థాపించిన ఆంధ్ర మహిళా సభ, చదువు నిలిచిపోయిన బాలికలను కాశీ పరీక్షలకు సిద్ధపరచెను. క్రమముగా వైద్యశాలయు, నర్సుల శిక్షణయు, పోలియో సోకిన పిల్లల చికిత్సాకేంద్రమును అందు వెలసినవి. అంధుల సహాయ సంఘాధ్యక్షురాలిగా వారికి వసతితో కూడిన పాఠశాలను, పని నేర్పు యంత్రశాలను నెలకొల్పిరి. అన్నవస్త్రములతో ఆగక, చదువును చేతిపనిని కూడ ఇచ్చుటయే ఆమె మార్గము.

మనవంటి ఉద్యోగులు ప్రత్యేకముగ గమనింపదగిన ఘట్టము వేరొకటి కలదు. 1952లో ఆమె ప్రణాళికా సంఘ సభ్యురాలైరి. ప్రథమ ప్రణాళికలో స్వచ్ఛంద సంస్థలకు 4 కోట్ల రూపాయలు కేటాయింపబడెను. ఆ ధనము దస్త్రములలో చిక్కుకొనక చిన్న సంస్థలకు చేరుటెట్లు? ప్రభుత్వ ధనము వచ్చినచో ప్రజల చొరవ సన్నగిల్లదా? ఈ సందేహములకు సమాధానముగా 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడెను, ఆమెయే ప్రథమాధ్యక్షురాలు. స్త్రీ శిశు సంస్థలతోపాటు వికలాంగుల సంస్థలకును బోర్డు గ్రాంటు లిచ్చెను. మరుసటి యేటినుండి సుమారు 25 గ్రామముల కొక్కటి చొప్పున సంక్షేమ విస్తరణ పథకములను ఆరంభించి, బాలవాడీలను, ప్రసూతి సహాయమును పల్లెలకే చేర్చెను.

1975లో పద్మవిభూషణ బిరుదు నందుకొని, 1981 మే 9వ తేదీన ఆమె కీర్తిశేషులైరి.

సూరతు నగరమున డిండోలివంటి పేటలలో, స్వస్థలమునకు దూరముగ నున్న తెలుగు ఇల్లాలికి తల్లియు, మేనత్తయు చెంత నుండుట అరుదు. అట్టి యింట వికలాంగ శిశువున్నచో ఇరుగుపొరుగువారే బంధువులు. వారమున కొక్క పూట ఆ బిడ్డను మన పిల్లలతోపాటు కూర్చుండబెట్టి చదివించినచో, ఆ తల్లికి కొంత తెరపి, ఆ బిడ్డకు తోటివారి చెలిమి లభించును. ఆ మహనీయురాలికి మనము చేయగల పూజ యిదియే.