అంబేద్కరు మహాశయుని పుస్తక భాండారము

డాక్టరు భీమరావు అంబేద్కరును రాజ్యాంగ నిర్మాతగా నెరుగనివారు లేరు. ఆయన మొదట అర్థశాస్త్ర పండితుడనియు, ఆ శాస్త్రమునందే అమెరికా, ఇంగ్లండు దేశముల విశ్వవిద్యాలయముల పట్టములు పొందెననియు నెరిగినవారు కొలదిమంది. జీవితమంతయు ఆయన కూర్చిన ఆస్తి యేది యన, అది పుస్తకములే.

ఆయన 1891 ఏప్రిల్ 14వ తేదీన మౌ దండులో జన్మించెను. తండ్రి రామ్‌జీ సక్పాల్ సైన్యమున సుబేదారు, కబీరు పంథానుయాయి. కుమారుడు కోరిన పుస్తకమునకు చేత పైకము లేనపుడు ఆ తండ్రి పెండ్లియైన కుమార్తెల యింటికి పోయి, వారి నగ యొకటి యడిగి తెచ్చి, తాకట్టు పెట్టి పుస్తకము కొనెడివాడు. పింఛను రాగానే నగ విడిపించి యిచ్చివేసెడివాడు. ఈ భాండారమునకు మూలధనము ఆ యాడపడుచుల నగలే యని చెప్పవచ్చును.

అంటరానివాడను కారణమున పాఠశాలలో సంస్కృతము చెప్ప నిరాకరింపగా బాలుడు పారశీకము చదువవలసివచ్చెను. సంస్కృతమును తరువాత స్వయంకృషిచే నేర్చెను. 1907లో మెట్రిక్యులేషన్ గెలిచినపుడు కేలుస్కరు అను సహృదయుడు తాను రచించిన బుద్ధ చరిత్ర నొకప్రతి బహూకరించెను. ఆ పుస్తక మాయనను ఎంతదూరము నడిపించెనో 1956లో నాగపురమున జరిగిన దీక్షా సమయమున లోకము చూచెను.

బరోడా మహారాజు శాయాజీరావు గైక్వాడు విద్యార్థి వేతన మీయగా 1913లో న్యూయార్కు చేరి కొలంబియా విశ్వవిద్యాలయమున చదివెను. కడుపు మాడ్చుకొని, పాత పుస్తకముల అంగళ్ళలో రమారమి రెండువేల గ్రంథములు కొనెనందురు. పిమ్మట లండను చేరెను గాని వేతనపు గడువు తీరుటచే 1917లో స్వదేశమునకు మరలవలసివచ్చెను. ఆయన ఒక ఓడలోను, పుస్తకములు మరియొక ఓడలోను బయలుదేరినవి. అది మహాయుద్ధ కాలము. పుస్తకములున్న ఓడను జర్మను జలాంతర్గామి ముంచివేసెను. సామానుల నష్టమునకు పరిహారముగా కొద్దిపాటి సొమ్ము వచ్చెను గాని, పుస్తకములు సముద్రగర్భము పాలయ్యెను. మరియొకడైనచో అంతటితో విరమించియుండును. ఆయన మరల మొదటినుండి కొన నారంభించెను.

కొంతకాలము బొంబాయి సిడెన్‌హాం కళాశాలలో అర్థశాస్త్రోపన్యాసకుడై, దాచిన జీతముతోను కొల్హాపురము మహారాజు సాయముతోను 1920లో తిరిగి లండను పోయి, బ్రిటిషు మ్యూజియము గ్రంథాలయమున దినమంతయు చదివెడివాడు. 1923లో డి.యస్సీ. పట్టము పొందెను. రూపాయి సమస్యను గూర్చిన ఆయన గ్రంథము ఆ యేడే అచ్చయ్యెను. రూపాయి విలువ నిలకడగా నుండవలెనన్న దానిని విడుదల చేయు అధికారము అదుపులో నుండవలెనని ఆయన వాదము. రిజర్వు బ్యాంకు ఆ గ్రంథమునుండియే పుట్టెనని కొందరందురు, అది అతిశయోక్తి. హిల్టన్ యంగ్ కమీషను నెదుట ఆయన సాక్ష్యమిచ్చుట మాత్రము సత్యము.

1930 తరువాత దాదరులో కట్టించిన రాజగృహము మనుష్యులకన్న పుస్తకములకే యెక్కువగా నిల్లు. అచ్చట యాభైవేల గ్రంథములుండెనని వాడుక.

1942 నుండి 1946 వరకు వైస్రాయి మండలిలో కార్మికశాఖ వహించెను. 1943 డిసెంబరులో ధనబాదు ప్రాంతపు బొగ్గు గనిలోనికి స్వయముగా దిగి చూచెను. మరుసటి నెలలోనే, బొగ్గుపై సుంకము విధించి కార్మికుల యిండ్లకు, వైద్యమునకు వెచ్చించు సంక్షేమనిధి శాసనము వెలువడెను. బెల్లంపల్లి అప్పుడు నిజాము రాజ్యమున నుండుటచే అది యిచ్చటి గనులకు వర్తింపలేదు. స్త్రీలు గనిలోపల పనిచేయరాదను నిషేధమును 1943లో యుద్ధము పేర సడలించినదియు ఆయన శాఖయే. 1946లో మరల విధించిరి. ఆ సడలింపు మెచ్చదగినది కాదు, దాచదగినదియు కాదు.

1946లో బొంబాయిలో సిద్ధార్థ కళాశాల స్థాపించి, తన గ్రంథములను దానికి చేర్చెను. 1953 జనవరిలో ఉస్మానియా విశ్వవిద్యాలయము డి.లిట్. పట్టమిచ్చి హైదరాబాదున ఆయనను గౌరవించెను. 1956 డిసెంబరు 6న ఢిల్లీలో ఆయన మరణించెను.

ఆ కళాశాలలోని ఆయన ప్రతులందు ఎర్ర, నీలి పెన్సిళ్ళతో గీచిన గీతలున్నవి. పరిశోధకులకు ఆ గీతలే నిక్షేపము. కొలంబియాలో తనకు బోధించిన జాన్ డ్యూయీ రచనలలో ఆయన గుర్తుపెట్టిన తావులను, 1936లో అచ్చయిన కులనిర్మూలన ప్రసంగముతో సరిపోల్చి, ఏ భావమెచ్చటినుండి వచ్చినదో, దాని నాయన యెట్లు మార్చుకొనెనో పంక్తి పంక్తిగా తేల్చుచున్నారు.