సూరి భగవంతము గారు

మాచెర్ల నాపరాయి పొరలుగా ఊడివచ్చుట మన శావల్యాపురపు బాలురెల్లరు ఎరిగినదే. గూడూరు ప్రాంతపు అభ్రకము అంతకంటె చిత్రమైనది. గోటితో చీల్చినను కాగితమువంటి రేకులు వచ్చును. అట్టి స్ఫటికములలో పరమాణువులు ఏ వరుసను నిలిచియున్నవో కంటికి కానరాదు. ఆ కానరాని కూర్పును వెలుతురుచేతను లెక్కచేతను పరిశోధించిన యొక ఆంధ్రుని చరిత్రమును ఇచట వ్రాయుచున్నాము.

డాక్టరు సూరి భగవంతము గారు 1909వ సంవత్సరము అక్టోబరు 14వ తేదీన నాటి కృష్ణా మండలమందలి ఆగిరిపల్లిలో జన్మించిరి. హైదరాబాదు నిజాం కళాశాలలో పట్టభద్రులై, 1928లో కలకత్తా చేరి రామన్ గారి శిష్యులైరి. రామన్ ఫలితము వెలువడినదియు ఆ యేడే. మంచి పరికరము దొరకుటకంటె మంచి గురువు దొరకుట భాగ్యమని మేము తలంతుము. 1932లో వాల్తేరునందలి ఆంధ్ర విశ్వకళాపరిషత్తున ఉపాధ్యాయులైరి.

స్ఫటికముపై ఒకే రంగు కాంతిని ప్రసరింపజేసినచో, చెదరివచ్చు వెలుతురులో స్వల్పభాగము రంగు మారును. ఆ మార్పువలన పరమాణువుల కంపనములు తెలియును. అయితే అన్ని కంపనములును ఇట్లు పట్టుబడవు. ఏవి పట్టుబడునో, ఏవి దాగునో స్ఫటికముయొక్క సౌష్ఠవమునుబట్టి ముందుగనే లెక్కించు విధానమును వీరును, టి. వెంకటరాయుడు గారును 1939లో ప్రకటించిరి. తరువాత ఇరువురును కలసి ఆ గణితముపై నొక గ్రంథమును రచించిరి.

1946లో భీమసేనాచారి గారితో కలసి, చెవికి వినరాని శబ్దతరంగములను వజ్రమునందు పంపి దాని స్థితిస్థాపకతను కొలిచిరి. 1957లో అమెరికాలో మరల కొలువగా కొన్ని విలువలు మిక్కిలి భేదించినవి. దీనిని దాచుట మా కిష్టము లేదు; వజ్రమువంటి చిన్న రాతిని కొలుచుట సులభకార్యము కాదు.

పిమ్మట పదవులు వచ్చినవి: ఉస్మానియా ఉపాధ్యక్షత, 1957లో బెంగుళూరు విజ్ఞానసంస్థ సంచాలకత్వము, 1961 మొదలు 1969 వరకు రక్షణశాఖకు శాస్త్రసలహాదారుత్వము. దేశమునకు లాభమే, ప్రయోగశాలకు మాత్రము నష్టమని మాకు తోచుచున్నది.

వీరి జీవితకాలముననే, 1981లో, జూరిక్ నగర సమీపమున బిన్నిగ్, రోరర్ గార్లు స్కానింగ్ టన్నెలింగ్ సూక్ష్మదర్శినిని నిర్మించిరి. సూదిమొనను ఉపరితలమునకు తాకీతాకనంత దగ్గరగా నడిపినచో, నడుమ సందును దాటివచ్చు స్వల్పవిద్యుత్తు ఎత్తుపల్లములను తెలుపును. పెన్సిలులోని గ్రాఫైటును ఇట్లు చూడగా వింత కనబడినది. ఆరేసి పరమాణువుల షట్కోణములలో తరచుగా మూడే మెరయును! పై పొర ఒంటరిగా నున్నచో ఆరును సమానములే. క్రింది పొరలో కొన్నిటి క్రింద పరమాణువు కలదు, కొన్నిటి క్రింద లేదు. అందువలన సౌష్ఠవము తగ్గి యీ భేదము పుట్టినది. వాల్తేరున కాగితముపై భగవంతము గారు విచారించినదియు సౌష్ఠవమునే.

వీరు 1989 ఫిబ్రవరి 6వ తేదీన దివంగతులైరి.