ముఖ్యమంత్రి పదవి వద్దన్న త్యాగరాయ చెట్టి

షోళింగనల్లూరు 2011లో చెన్నై నగరపాలక సంస్థలో కలిసింది. ఆ సంస్థకు ఎన్నికైన తొలి అధ్యక్షుడు మన తెలుగువాడే. పేరు పిట్టి త్యాగరాయ చెట్టి. 1852లో దేవాంగ కుటుంబంలో పుట్టిన ఆయన నేత కార్ఖానా పెట్టి పదిమందికి పని చూపించారు. 1909లో ఏర్పడ్డ దక్షిణ భారత వర్తక మండలికి తొలి అధ్యక్షుడూ ఆయనే.

1920 ఎన్నికల్లో జస్టిస్ పార్టీ గెలిచింది. మద్రాసు రాజధాని ముఖ్యమంత్రి పదవి ఇంటికొచ్చినా పార్టీ నేతగా ఉన్న ఆయన వద్దనేశారు. నగరం పనే చాలనుకున్నారు. ఆ ఏడాదే థౌజండ్ లైట్స్ కార్పొరేషన్ బడిలో పేదపిల్లలకు మధ్యాహ్న భోజనం మొదలైంది. ఖర్చు పిల్లాడికి రోజుకో అణా మించకూడదని లెక్క. ఆకలితో ఉన్న పిల్లలు బడి మానకుండా నిలబెట్టింది ఆ అణానే.

1925లో కన్నుమూశారు. బట్టలకూ బంగారానికీ మనోళ్లు వెళ్లే టీనగర్ అసలు పేరు త్యాగరాయనగర్.