ప్రజల చరిత్రను వెలికితీసిన పాత్రికేయుడు సురవరం ప్రతాపరెడ్డి

బెంగళూరులోని ఎలక్ట్రానిక్ సిటీ దాటి హోసూరు వైపు సాగే రహదారికి ఇరువైపులా ఉన్న పల్లెలలో తెలుగు, కన్నడం, తమిళం కలసి వినిపిస్తాయి. అక్కడి అనేక కుటుంబాలలో ఇంట పలికే భాష ఒకటి, బడిలో చదివే భాష మరొకటి. దాదాపు నూరేళ్ళ క్రితం హైదరాబాదు సంస్థానంలోని తెలుగువారి స్థితి కూడా ఇటువంటిదే. జనాభాలో సుమారు సగం మంది తెలుగువారే అయినా రాజభాష ఉర్దూ. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలోనూ బోధన ఉర్దూలోనే సాగేది. ఆ కాలంలో తెలుగువారికి తమ భాషపైన, తమ గతంపైన నమ్మకం కలిగించడానికి జీవితాన్ని ధారపోసిన మహనీయుడు సురవరం ప్రతాపరెడ్డి.

ఆయన 1896 మే 28వ తేదీన గద్వాల సంస్థానంలోని బోరవెల్లి గ్రామంలో జన్మించారు. స్వగ్రామం ఇటిక్యాలపాడు. కృష్ణా తుంగభద్రల నడుమ నడిగడ్డగా పేరొందిన ఆ సీమకు ఒకవైపు కర్నూలు, మరొకవైపు రాయచూరు. తెలుగు, కన్నడం, ఉర్దూ ఒకదానినొకటి ఒరుసుకొనే ఆ నేల ఆయన దృష్టిని విశాలం చేసింది. కర్నూలులో పాఠశాల విద్య, హైదరాబాదు నిజాం కళాశాలలో ఇంటర్మీడియట్, మద్రాసులో బి.ఏ., బి.ఎల్. పూర్తి చేశారు. తెలుగుతోపాటు సంస్కృతం, ఉర్దూ, పారశీకం, ఆంగ్లం అభ్యసించారు. కొంతకాలం న్యాయవాద వృత్తి సాగించినా ఆయన మనస్సు అందులో నిలవలేదు.

1921 నవంబరులో హైదరాబాదులో జరిగిన ఒక సంఘసంస్కార సభలో ఆలంపల్లి వేంకటరామారావు తెలుగులో ప్రసంగించబోగా సభలోని కొందరు గేలిచేసి ఆయనను మాట్లాడనీయలేదు. ఆ అవమానమే ఆంధ్రజన సంఘం పుట్టుకకు కారణమైంది. గ్రంథాలయాలు, పాఠశాలలు, పత్రికల ద్వారా తెలుగువారిని మేల్కొల్పాలన్న ఉద్యమం అక్కడినుండి బలపడింది. ప్రతాపరెడ్డి 1924 నుండి హైదరాబాదులోని రెడ్డి విద్యార్థి వసతిగృహానికి కార్యదర్శిగా పనిచేస్తూ, పల్లెల నుండి వచ్చిన బాలురకు చదువుతోపాటు పుస్తకాలపై అభిరుచిని అలవరచారు.

1926 మే 10వ తేదీన గోలకొండ పత్రిక వెలువడింది. రాజా బహద్దూర్ వేంకటరామారెడ్డి ప్రోత్సాహం దానికి అండగా నిలిచింది. వారానికి రెండుసార్లు వచ్చే ఆ పత్రిక భారాన్ని ప్రతాపరెడ్డి తన భుజాలపై మోశారు. చదువుకున్నవారు తక్కువ, చందాదారులు అంతకన్న తక్కువ. పైగా సభ జరపాలన్నా, ప్రైవేటు బడి తెరవాలన్నా సర్కారు అనుమతి కావలసిన రోజులవి. ఉద్యోగుల లంచగొండితనం, వెట్టిచాకిరి, రైతుల బాధలు మొదలైనవాటిపై ఆయన నిర్భయంగా సంపాదకీయాలు రాశారు. ప్రభుత్వ ఆగ్రహం, ధనాభావం రెండింటినీ తట్టుకొని పత్రిక నిలిచింది. 1947లో దినపత్రికగా మారింది.

తెలంగాణలో కవులే లేరన్న భావం ఒక వ్యాసంలో వెలువడినపుడు దానికి ఆయన కోపంతో జవాబు చెప్పలేదు. పత్రిక ద్వారా ఊరూరి కవుల పద్యాలను, వారి వివరాలను పిలిపించారు. 354 మంది కవుల వివరాలతో 1934లో గోలకొండ కవుల సంచికను ప్రచురించారు. అందులో పండితులతోపాటు మారుమూల గ్రామాలలో పేరు తెలియక మిగిలిన కవులకూ చోటు దక్కింది. ఆ సంపుటం చేతికి వచ్చిన తరువాత ఆ ఆక్షేపణకు తావు లేకపోయింది.

1930లో మెదకు జిల్లా జోగిపేటలో జరిగిన మొదటి నిజాంరాష్ట్ర ఆంధ్ర మహాసభకు ఆయనే అధ్యక్షులు. అదే సందర్భంలో నడింపల్లి సుందరమ్మ అధ్యక్షతన మహిళాసభ కూడా జరగడం విశేషం.

ప్రతాపరెడ్డికి శాశ్వత కీర్తి తెచ్చిన గ్రంథం 1949లో వెలువడిన ఆంధ్రుల సాంఘిక చరిత్ర. అంతవరకు చరిత్ర అంటే రాజుల యుద్ధాలు, వంశావళులు, పట్టాభిషేకాల తేదీలే. సామాన్యులు ఏమి తిన్నారు, ఏమి కట్టారు, ఏ ఆటలాడారు, ఏ పండుగలు జరుపుకొన్నారు, ఏ పన్నులు చెల్లించారు అన్నది ఆయన ప్రశ్న. శాసనాలలో వీటికి జవాబు పూర్తిగా దొరకదు. కాబట్టి ఆయన కావ్యాలను ఆశ్రయించారు. కవి పురాణ కథ చెప్పినా అందులోని అంగడి, వంటకం, నగలు, తిట్లు తన కాలపు ఊరివే అయి ఉంటాయని గ్రహించారు. పాల్కురికి సోమనాథుని బసవపురాణం, క్రీడాభిరామం, కొరవి గోపరాజు సింహాసన ద్వాత్రింశిక, ఆముక్తమాల్యద, హంసవింశతి వంటి కృతులను ఈ దృష్టితో జల్లెడ పట్టారు. తూర్పు చాళుక్యుల కాలం నుండి ఇరవయ్యవ శతాబ్దపు తొలినాళ్ళ వరకు తెలుగు జనుల జీవితాన్ని వరుసగా నిలబెట్టారు. నిఘంటువులలో అర్థం దొరకని పదాలు పల్లెజనుల నోట సజీవంగా ఉంటాయని ఆయనకు బాగా తెలుసు. పాత్రికేయునిగా ప్రజల మధ్య తిరిగిన అనుభవం చరిత్రకారునికి ఇట్లు తోడ్పడింది. హిందువుల పండుగలు, రామాయణ విశేషములు మొదలైనవి ఆయన ఇతర గ్రంథాలు.

1952 ఎన్నికలలో వనపర్తి నుండి హైదరాబాదు శాసనసభకు ఎన్నికయ్యారు. 1953 ఆగస్టు 25వ తేదీన 57 ఏండ్ల వయసులో కన్నుమూశారు. 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ తన తొలి పురస్కారాలలో తెలుగుకు ఆంధ్రుల సాంఘిక చరిత్రను ఎంపిక చేసింది. ఆ గౌరవాన్ని చూడటానికి గ్రంథకర్త లేరు. 2025లో తెలంగాణ ప్రభుత్వం హైదరాబాదులోని తెలుగు విశ్వవిద్యాలయానికి ఆయన పేరు పెట్టింది.

ప్రతాపరెడ్డి ఏ ఇతర భాషనూ ద్వేషించలేదు. ఉర్దూ, పారశీకాలు నేర్చి, వాటిని తన పరిశోధనకు వాడుకొన్నారు. అయితే ఇంటి భాషను వదులుకొని వాటిని నేర్వలేదు. సరిహద్దు పల్లెలలో పెద్దల నోట ఇంకా మిగిలి ఉన్న సామెతలు, పనిముట్ల పేర్లు, వంటకాల పేర్లు, పండుగ ఆచారాలు ఆయన దృష్టిలో చరిత్రకు ఆధారాలు. వాటిని అడిగి తెలుసుకొని ఒక పుస్తకంలో రాసి ఉంచే పని ప్రతి ఇంటి పిల్లలూ చేయదగినది. ఆ మహనీయునికి అంతకు మించిన నివాళి లేదు.