క్లౌ దొరగారు: మన వంశావళిలో ఒక పరదేశి



మత్తయి సువార్త మొదటి అధ్యాయము వచ్చినప్పుడు మనలో అనేకులు ఆ పేర్ల వరుసను దాటి ముందుకు పోవుదురు. అయితే ఆ వరుసలో మోయాబీయురాలైన రూతు ఉన్నది. పరాయి దేశపు స్త్రీని దేవుడు తన కుమారుని వంశావళిలో చేర్చెను. మన తెలుగు బాప్తిస్టు కుటుంబములు విశ్వాసములో తమ పెద్దలను వెనుకకు లెక్కించుకొనుచు పోయినయెడల, అక్కడను ఒక పరదేశి పేరు కనబడును. ఆయనే ఒంగోలు క్లౌ దొరగారు.

జాన్ ఎవరెట్ క్లౌగారు 1836 జూలై 16న అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రములో, ఫ్రూస్‌బర్గు దగ్గర పుట్టిరి. వారిది సేద్యపు కుటుంబము. ఆయన చిన్నతనముననే ఆ కుటుంబము పడమటి దేశమునకు తరలిపోయెను. యౌవనమున ఆయన మిన్నెసోటాలో గొలుసు పట్టి భూమి కొలుచు సర్వే పని నేర్చుకొనిరి. తరువాత వకీలు కావలెనని అయోవాలోని బర్లింగ్టనుకు చదువ వెళ్ళగా, అక్కడ ప్రభువు ఆయనను పట్టుకొనెను. హేరియట్ సండర్లాండు అమ్మగారిని వివాహము చేసికొని, 1864లో ఓడ యెక్కి, 1865లో చెన్నపట్టణము చేరి, 1866లో ఒంగోలులో కాపురము పెట్టిరి. 1854 జనవరి 1న జూయెట్ దొరగారు కొద్దిమందితో ఒంగోలు గుట్ట యెక్కి చేసిన ప్రార్థనకు ఇది జవాబు.

ఆ యేడే మాదిగవారిలో నుండి యర్రగుంట్ల పేరయ్యగారు బాప్తిస్మము పొందిరి. 1867 జనవరి 1న ఎనిమిదిమందితో సంఘము ఏర్పడెను. మాదిగలను చేర్చుకొన్నయెడల మేము రామని పై కులములవారు చెప్పిరి. దొరగారును అమ్మగారును వేరువేరుగా బైబిలు తెరువగా, ఇద్దరికిని 1 కొరింథీయులకు మొదటి అధ్యాయములోని ఒకే భాగము కనబడెనని చెప్పుదురు. వారు బీదలనే చేర్చుకొనిరి.

1876లో ధాత కరువు వచ్చెను. ఆకలిగొన్నవారికి పని దొరకవలెనని దొరగారు బకింగుహాము కాలువలో మూడున్నర మైళ్ళ త్రవ్వకము గుత్తకు తీసికొనిరి. చిన్ననాడు నేర్చిన కొలత పని ఇక్కడ అక్కరకు వచ్చెను. కూలివారిలో అనేకులు బాప్తిస్మము అడిగిరి. కూటికొరకు వచ్చితిరను నింద కలుగకుండునట్లు, ఆయన పదునైదు నెలలు ఎవరికిని బాప్తిస్మము ఇయ్యలేదు. పని ముగిసి, కూలి నిలిచిపోయిన తరువాత కూడ ప్రజలు వచ్చిరి. 1878 జూలై 3న గుండ్లకమ్మ యేటిలో 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆ దినము దొరగారు నీటిలో దిగలేదు. ఆరుగురు తెలుగు బోధకులే ఇద్దరిద్దరుగా ఆ పని చేసిరి.

హేరియట్ అమ్మగారు మరణించిన తరువాత, 1894లో ఆయన రాషెన్‌బుష్ వారి కుమార్తె ఎమ్మాగారిని వివాహమాడిరి. 1910 నవంబరు 24న న్యూయార్కు రాష్ట్రములోని రాచెస్టరులో నిద్రించిరి.

కట్టంగూరు చెలకలు ఎండిన యేడు మన గుమ్మమునకు ఒకడు ఆకలితో వచ్చును. మొదట వానికి అన్నము పెట్టుదము. దానికి వెలగా వాని విశ్వాసమును అడుగకుందము. క్రీస్తును వెదకివచ్చిన వానినైతే కులము చూచి నిలువబెట్టకుందము. మన వంశావళిలో రేపు ఎవరి పేరు చేరునో దేవునికే తెలియును.

కుటుంబ ప్రార్థనలో చదువుడి: రూతు 1; యోహాను 6:22–35; 1 కొరింథీ 1:26–31.