రాయి సాక్ష్యం చెబుతుందా?

కంబదూరు వైపు గుట్టల్లో ఒక గుండు ఏనుగులా, మరొకటి తాబేలులా కనిపిస్తుంది. దాన్ని ఫొటో తీసి, జలప్రళయంలో రాయైపోయిన జంతువని ఫోన్లో పంపితే నమ్మేవారూ, ఇంకొకరికి పంపేవారూ ఉంటారు. మన విశ్వాసానికి అలాంటి ఊతం కావాలా? ఈ సందర్భంలో స్టీఫెన్ హిస్లాప్ జీవితాన్ని గుర్తు చేసుకోవాలి.

1817లో స్కాట్లాండ్‌లోని డన్స్ పట్టణంలో పుట్టిన హిస్లాప్, 1845లో నాగపురం చేరి పరిచర్య మొదలుపెట్టారు. బడి నడిపారు. ఊరూరా తిరిగి సువార్త చెప్పారు. గోండుల మాటలను, పాటలను సేకరించారు. ఆ తిరుగుళ్లలో దారి పక్క రాళ్లనూ పరీక్షగా చూసేవారు. తోటి మిషనరీ రాబర్ట్ హంటర్‌తో కలిసి నాగపురం దగ్గర టాకళిలో, లావా రాళ్ల నడుమ చిక్కుకున్న మట్టిపొరలో నత్తగుల్లల శిలాజాలను గుర్తించారు.

పైకి కనిపించే పోలిక ఒక్కటే సాక్ష్యం కాదు. నిజమైన గుల్లలో మెలికలు ఒక క్రమంలో తిరుగుతాయి, పెరిగిన గీతలు కనిపిస్తాయి. అదే పొరలో అలాంటివే మరికొన్ని దొరుకుతాయి. ఆ పొర సాధారణంగా నీటి అడుగున పేరుకున్న మట్టి అయి ఉంటుంది. రాజమండ్రి ప్రాంతపు గుల్లలను కూడా హిస్లాప్ పరిశీలించి, 1860లో ప్రచురించిన వ్యాసంలో వివరించి, కొన్నిటికి పేర్లు పెట్టారు. నాగపురం గుల్లలు మంచినీటివి. రాజమండ్రివి ఉప్పునీరు చేరే చోట బతికినవి. గోరంత గుల్ల ఒకప్పటి సముద్రం జాడ చెప్పింది.

కంబదూరు గుండ్ల సంగతి వేరు. అవి భూమి లోతుల్లో కరిగిన రాయి చల్లారి ఏర్పడినవి, సుమారు 250 కోట్ల ఏళ్ల నాటివి. ఎండ, వాన, గాలి అంచులను అరగదీసి ఆ ఆకారాలిచ్చాయి. పగలగొడితే లోపల ఎముక గానీ గుల్ల గానీ ఉండదు, మెరిసే రాతి పలుకులే ఉంటాయి.

1863 సెప్టెంబరు 4న, తాకల్‌ఘాట్ దగ్గర పురాతన రాతి వలయాల తవ్వకం చూసి గుర్రంపై తిరిగి వస్తూ, హిస్లాప్ పొంగిన వాగులో మునిగి చనిపోయారు. నలభై ఆరో పుట్టినరోజుకు ఇంకా నాలుగు రోజులే ఉంది. గోండుల గురించి ఆయన రాసిపెట్టినవి 1866లో అచ్చయ్యాయి. నాగపురంలోని హిస్లాప్ కళాశాల నేటికీ ఆయన పేరు నిలుపుతోంది.

సువార్త చెప్పిన ఆ మనిషే, రాయి విషయంలోనూ ఉన్నది ఉన్నట్టు చెప్పారు. పిల్లలు ఏనుగు గుండును చూపిస్తే మనమూ ముచ్చటపడదాం. శిలాజమని మాత్రం చెప్పవద్దు. సృష్టికర్తను ఘనపరచడానికి అబద్ధసాక్ష్యం అక్కరలేదు.